భాష ఉన్నవాడు

అరబ్బు దేశపు రాస్ లఫాన్ గ్యాస్ సైట్‌లో పైపులకు రంగేసే ముత్యం, బ్రష్ పట్టినంతసేపూ పైపుతో మాట్లాడుతూనే ఉంటాడు. గుంపులో తెలుగువాడు మరొకడు లేడు మరి. "జర ఆగు బిడ్డా, అయిపాయె," అంటూ దాని వీపు నిమురుతాడు. ఉత్తరానికి బదులు మాటలు నింపి ఇంటికి పంపే క్యాసెట్‌లో మాత్రం గొంతు సవరించుకుని, ఊళ్ళో గొప్పగా ఉంటుందని అరబ్బీ ఖలాస్‌లూ యల్లాలూ, హిందీ ముక్కలూ గుప్పిస్తాడు. తను ఇక్కడికొచ్చాక పుట్టిన కూతురు అది విని "గీయన ఎవలే అవ్వా?" అన్నదని భార్య భూమవ్వ జవాబు క్యాసెట్‌లో చెబితే నవ్వేశాడు.

ఫోర్‌మన్ ఇనాకీది స్పెయిన్ కొండసీమ. స్పెయిన్‌వాడివా అంటే మాత్రం మొహం ముడుచుకుంటాడు. ఒకనాడు నీడలో చాయ్ తాగుతూ వచ్చీరాని హిందీలో చెప్పాడు: "మమ్మల్ని బాస్క్‌లని బయటివాళ్ళు పిలిచారు. ఆ పేరు ఎక్కడ పుట్టిందో ఇంకా తేలలేదు. మమ్మల్ని మేం పిలుచుకునే మాటకు 'మా భాష ఉన్నవాడు' అని అర్థం." "మరి భాష పోతే?" అన్నాడు ముత్యం. ఇనాకీ చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "నా కొడుక్కి రాదు," అన్నాడు.

ఆ శుక్రవారం ముత్యం మంచమ్మీద కాళ్ళు ముడుచుకుని, సగం నింపిన క్యాసెట్‌ను వెనక్కి తిప్పి విన్నాడు. ఆ మాట్లాడేవాడెవడో తనకూ తెలియలేదు. మళ్ళీ మొదటికి తిప్పి రికార్డు మీట నొక్కాడు. గొంతు సవరించుకోలేదు. పైపు వీపు నిమిరినట్టే టేప్‌రికార్డర్ మీద చెయ్యి వేసి అన్నాడు: "నేను మీ బాపును. జర ఆగు బిడ్డా, వస్తున్న."