పోశవ్వత్త అనుమానించిన చేతులు

పొద్దున్నే నా మణికట్టు పట్టీలు విప్పితే వచ్చే చర్రుమనే చప్పుడుకు మా కోరుట్ల వాడకట్టులో కుక్కలు లేచి నిలబడతాయి, కోళ్లు గుడ్డు పెట్టడం సగంలో ఆపేస్తాయి. రెండు చేతులకూ రెండు పట్టీలు. అవి విప్పినప్పుడల్లా పోశవ్వత్త గుర్తొస్తుంది. మా పక్కింట్లో బీడీలు చుట్టేది. చుట్టరికం లేకపోయినా నన్ను అల్లుడా అనేది. పాలల్లో నీళ్లున్నాయని అందరూ అనుమానిస్తారు. ఆమె నీళ్లల్లో కూడా నీళ్లు కలిపారని అనుమానించేది.

ఆమె కుడిచేతి వేళ్లు తిమ్మిరెక్కడం మొదలైనప్పుడు బీడీలు వదులయ్యాయి, ఆకూ జర్దా పొగాకూ ఇచ్చి బీడీలు తీసుకునే టేకేదారు వాటిని పక్కకు పడేశాడు. ఇక లోకమంతా దొంగే. "జర్దా మారింది. గీ కత్తెర గూడ నాది గాదు, ఎవలో మార్చిండ్రు" అంది. సిరిసిల్లలో ఉన్న చెల్లె ఇంటికి పోయి, చెల్లె ఆకుతో, చెల్లె కత్తెరతో చుట్టి చూసింది. అక్కడా అదే తిమ్మిరి. "ఆకు మంచిదే అల్లుడా, బస్సుల గాలి తాకింది" అంటూ తిరిగొచ్చింది. ఆ తర్వాత ఎడమ చెయ్యి కూడా మొద్దుబారింది. దాన్ని సవతి కూతురిని చూసినట్టు చూసేది. "కుడిదంటె పని చేసి అలిసింది. గీ ఎడమది దాన్ని చూసి నకరాలు వడుతున్నది."

బతిమాలి, బండి మీద జగిత్యాల తీసుకుపోయాను. డాక్టరు మణికట్టు మీద తట్టాడు, వంచి పట్టుకున్నాడు. మణికట్టులోని ఇరుకు దారిలో నరం నలుగుతోందని, రెండు చేతుల్లోనూ అదే కథని చెప్పాడు. బొటనవేలి కింద కండ కరిగిపోతోంది, పట్టీలతో కుదిరే దశ దాటింది, ఆపరేషన్ చేసి నరానికి చోటు ఇవ్వాలి, ఆలస్యమైతే బీడీ కాదు కదా గుండీ పెట్టుకోవడమూ కష్టమే అన్నాడు. పోశవ్వత్త తల ఊపింది. బండి ఎక్కగానే నా వీపు వెనక నుంచి మొదలుపెట్టింది. "మంది కండ ఎంతుంటదో మనకెర్కనా? నాది పుట్టుకతోనే గంతేనేమో. ఆయనెందుకు గంత తీపిగ మాట్లాడిండు?"

మర్నాటి నుంచి వాడకట్టులో ఏ అరచేతికీ రక్షణ లేకుండా పోయింది. గాజులమ్మేవాడి చెయ్యి, కల్లు పోసేవాడి చెయ్యి, పెళ్లిపత్రిక ఇవ్వడానికొచ్చిన పెద్దమనిషి చెయ్యి, అన్నీ పట్టుకుని బొటనవేలి కింద పండు మగ్గిందా లేదా అన్నట్టు నొక్కి చూసింది. ఆ పెద్దమనిషి మళ్లీ మా వాడకు రాలేదు.

చివరికి నేను టైపింగ్ చేసే దుకాణానికి వచ్చింది. నా చేతులు రెండూ లాక్కుని నొక్కింది. పక్కన తనవి పెట్టింది. బొటనవేళ్ల కింద ఎండాకాలపు కుంటల్లాగా లోపలికి పోయి ఉన్నాయి.

"అందరికున్నది. నాకే లేదు" అంది మెల్లగా. ఆమె ఎవరినీ అనుమానించకపోవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

అంతలోనే నా చెయ్యి మళ్లీ పట్టుకుంది. "లేవంగనే నీ వేళ్లు మొద్దువారుతయా?"

"ఎవలు చెప్పిండ్రు?"

"ఎవలు చెప్పాలె? పొద్దుగాల చాయ్ తాగుడు ఆపి చేతులు దులుపుకుంటవు. నేను మొదట్ల గట్లనే దులుపుకున్న. నాతోని నువ్వు గూడ వస్తున్నవు, నడువు."

ఆమెకు ముందు కుడి చేతికి, అది కుదురుకున్నాక ఎడమదానికి ఆపరేషన్ అయింది. తిమ్మిరి పోయింది. బీడీలు మళ్లీ గట్టిగా వచ్చాయి, కాకపోతే నడుమ నడుమ చేతులకు సెలవిచ్చేది. పోయిన కండ మాత్రం పూర్తిగా రాలేదు. "సగమిచ్చి సగం దాసుకున్నడు డాక్టరు" అని పోయేదాకా అనుమానించింది. నాకూ అదే జబ్బని తేలింది, తొందరగా దొరికింది కాబట్టి పడుకునేటప్పుడు పట్టీలు, కిందికి దించిన బల్ల, మణికట్టు వంచకుండా టైపు కొట్టడంతో అక్కడే ఆగింది.

ఇప్పుడు ఎవరు చెయ్యి కలిపినా నా బొటనవేలు దానంతటదే వాళ్ల బొటనవేలి కిందికి పోయి నొక్కుతుంది. వాళ్లు చెయ్యి వెనక్కి తీసుకుని నన్ను అదోలా చూస్తారు. నేను వదలను. "పొద్దుగాల చేతులు దులుపుకుంటరా?" అని అడుగుతాను.