లంక మీద గాలిమరల పంచాయితీ

బడులు తెరవడానికి ఇంకా వారం ఉందనగా కృష్ణ ఒడ్డు నుంచి మా సత్తయ్య బావ కార్డు రాశాడు. తొంభైల మొదటి రోజులవి. నేను సూర్యాపేటలో సైన్సు టీచర్ని. నది మధ్యలోని లంక మీద ఎవరో గాలిమరలు పెట్టి కరెంటు తీస్తారట, ఆదివారం ఇంజనీరు వచ్చి అందరితో మాట్లాడతాడట, ఆ సంగతేమిటో నేను వచ్చి విడమరిచి చెప్పాలట. కార్డు అంచున ఇంకో చేతిరాతలో “నా దిక్కు మాట్లాడు చెల్లె” అని ఉంది. అది బావ భార్య లక్ష్మమ్మది. ఒకే ఇంట్లో రెండు పక్షాలు! నవ్వుకుంటూ సంచి సర్దాను.

ఆదివారం పొద్దున ఆరుంబావుకు కోదాడ బస్సెక్కాను. పక్క సీటు పెద్దమనిషి బాగుచేయించడానికి తీసుకుపోతున్న టేబుల్ ఫ్యానును ఒళ్లో పెట్టుకున్నాడు. కిటికీ గాలికి దాని రెక్కలు వాటంతటవే తిరుగుతున్నాయి. నేను పోతున్న పని చెబితే ఫ్యాను వైపు కాసేపు చూశాడు.

“ఫ్యానుకు కరెంటు గావాలె గని, ఫ్యానే కరెంటిస్తదా అమ్మా?”

గాలి తిప్పితే ఇస్తుందని వివరించాను. దిగేదాకా ఆయన ఆ రెక్కల మీంచి చూపు తిప్పలేదు.

ఏడున్నరకు కోదాడలో ఇడ్లీ తిన్నాను. ఎక్కడికని హోటలాయన అడిగాడు. లంక మీదికంటే, “గాలికి ఎగిరిపోతారండీ, ఇంకో రెండు తినండి” అన్నాడు. తిన్నాను. అక్కడి నుంచి హుజూర్‌నగర్, మళ్లీ బస్సు మారి మఠంపల్లి చేరేసరికి పది. సత్తయ్య బావ ఎడ్లబండి కట్టుకుని వచ్చాడు. పదకొండుకల్లా రేవులో ఉన్నాం.

లంకకు పోవాలంటే పుట్టే గతి. వెదురుతో అల్లిన గుండ్రటి గంప లాంటి పడవ అది. మధ్యలో కూర్చోవాలి, లేస్తే తిరగబడుతుంది. బావ తెడ్డు వేస్తున్నాడు, రేవులో కలిసిన లక్ష్మమ్మ నా పక్కన కూర్చుంది. పుట్టి గిర్రున తిరిగినప్పుడల్లా మేమిద్దరం ఒకరి మీద ఒకరం పడి నవ్వాం. ఆ నవ్వుల మధ్యనే వాళ్ల వాదన సాగింది. లంక నిండా పొదలు, పొదల నిండా పిట్టల గూళ్లు అన్నాడు బావ. “నా చిన్నప్పటిసంది గాడ మనిషి కట్టింది ఒక్కటి లేదు. ఒక్క జాగనన్న గట్ల ఉండనియ్యరాదు?”

“పిట్టలు సీకటైతే పండుకుంటయి. నా పిల్లలు సదువుకోవాలె” అంది లక్ష్మమ్మ. వాళ్ల పల్లెకు అప్పటికి కరెంటు లేదు.

ఇద్దరూ నా వైపు చూశారు. ఇద్దరి మాటా నాకు నిజమే అనిపించింది.

పన్నెండుకు లంక మీద ముప్పై మంది దాకా చేరారు. హైదరాబాదు నుంచి వచ్చిన కుర్ర ఇంజనీరు పటం విప్పాడో లేదో, గాలి దాన్ని లాక్కుపోయింది. ముసలివాళ్లతో సహా అందరం పొదల వెంట పరుగెత్తాం. ఎవరి చెప్పు ఎక్కడ పడిందో తెలియదు. ఇంజనీరుకైతే పటం పోయినా పట్టలేని సంతోషం, గాలి అంత బాగుందని.

పటం దొరికాక నన్ను మాట్లాడమన్నారు. ఈ కరెంటుకు పొగ ఉండదని చెప్పాను. కానీ మరలు నిలపడానికి గుంతలు తవ్వాలి, బాట వేయాలి, పొదలు కొట్టాలి అనీ చెప్పాను. లక్ష్మమ్మ ఒకసారి, బావ ఒకసారి తలూపారు.

అప్పుడు లక్ష్మమ్మ లేచి, ఆ కరెంటు తమ పల్లెకు ఎన్నడొస్తదని అడిగింది. ఇంజనీరు కాగితాలు తిరగేశాడు. కరెంటు పెద్ద లైనుకు పోతుందనీ, పల్లె సంగతి తన కాగితాల్లో లేదనీ నిజమే చెప్పాడు.

“అయితే గాలి మాది, ఎలుతురు ఇంకొకలదా?” అంది ఆమె, గొంతు పెంచకుండా. “ముందుగాల మా పల్లెకు తీగ గుంజుండ్రి సారూ. గప్పటిదాంక ఈడ గడ్డపార దిగొద్దు.”

అందరూ ఒక్కసారే మాట్లాడడం మొదలుపెట్టారు. పిట్టల పొదలు ముట్టొద్దని కూడా రాయమన్నాడు బావ. ఇంజనీరు రెండూ రాసుకుని పైకి చదివి వినిపించాడు. సంతకం వచ్చినవాళ్లు సంతకాలు పెట్టారు, మిగిలినవాళ్లు వేలిముద్రలు వేశారు. తర్వాత చింతపండు పులుసు చేపల కూరతో అందరం, ఇంజనీరుతో సహా, ఒకే వరసలో కూర్చుని తిన్నాం.

“మరలు రావద్దని నేననలే” అని లక్ష్మమ్మ మొగుడికి గుర్తుచేసింది. “ఎరుకే” అంటూ ఆయన ఆమె విస్తట్లో పెద్ద ముక్క వేశాడు.

తిరుగు ప్రయాణంలో మఠంపల్లిలో బస్సు తప్పిపోయింది. జీపులో హుజూర్‌నగర్ చేరి, అక్కడ ముందుగా దొరికిన మిర్యాలగూడ బస్సు పట్టుకున్నాను. ఆరుంబావుకు మిర్యాలగూడలో దిగి, చాయ్ తాగి సూర్యాపేట బస్సెక్కాను. జుట్టంతా చెదిరిపోయి ఉంది, చెవుల్లో ఇంకా గాలి హోరు. ఎన్నో ఊళ్లు చూశాను గానీ, ఒక జాగా మీద అంత ప్రేమతో అందరూ కొట్లాడుకోవడం, కొట్లాడుకున్నాక అంత హాయిగా కలిసి తినడం ఎక్కడా చూడలేదు.

నాలో నేను నవ్వుకోవడం చూసి పక్కనున్నామె ఎక్కడికి పోయొచ్చావని అడిగింది. జరిగిందంతా చెప్పాను.

“మరి ఎవలు గెలిసిండ్రు?”

“ఇంకా ఎవలూ గెలవలే” అన్నాను.

“అయితే మళ్ల పోవుడే” అంది ఆమె, నాకంటే సంబరంగా.