మొదటి ముక్క

మా అమ్మాయి ఆ ఏడాది మొదటిసారి క్లాసులో చెయ్యెత్తిందన్న సంగతి నాకు స్కూల్ డైరీ చూస్తే తెలిసింది. కేక్ పోటీకి పేరిచ్చింది, తల్లిదండ్రులు సహకరించాలి అని ఎర్ర సిరాతో రాసి, కింద నా సంతకానికి గీత గీసి పంపారు. కేకు ఇంట్లో చేసిందే అయ్యుండాలి, కోయకుండా తేవాలి. బహుమతులు ఇచ్చాక అక్కడే ముక్కలు చేసి అమ్మి, ఆ డబ్బుతో కొండమీద హాస్టల్ పిల్లలకి దుప్పట్లు కొంటారట.

నేను ఏఎన్ఎంని. ఇల్లు నర్సీపట్నంలో, ఉద్యోగం కొండకింద ఊళ్ళలో. పొద్దున ఏడింటికి బస్సెక్కితే సాయంత్రం ఆరున్నరకి దిగుతాను. ఆ రోజు వేణ్ణీళ్ళ బకెట్లో కాళ్ళు పెట్టుకుని కూర్చుని డైరీ చదివి, "చెయ్యెత్తడానికి నీకిదే దొరికిందా?" అనేశాను. ఏడో తరగతి పిల్ల, డైరీ మూసి సంచిలో పెట్టుకుంది.

అలా అనకుండా ఉండాల్సింది. తెలుగు మీడియం నుంచి వచ్చి ఆ స్కూల్లో చేరిన దగ్గర్నుంచీ అది అక్కడ నోరు విప్పలేదు. జవాబు తెలిసినా చెప్పదని టీచరుగారు నాతో రెండుసార్లు అన్నారు. అలాంటి పిల్ల తనంతట తాను ఎత్తిన చెయ్యి. ఇందులో నవ్వులపాలైతే మళ్ళీ ఎత్తదని నాకు తెలుసు. తెలిసీ విసుక్కున్నాను.

మా ఇంట్లో ఓవెన్ లేదు. మావారు అచ్యుతాపురం వైపు కంపెనీలో షిఫ్టులు చేసుకుని ఆదివారానికి వస్తారు, ఆయన సాయమూ లేదు. ఫోన్లో వీడియో చూసి, కుక్కర్లో ఉప్పు పోసి, విజిల్ తీసేసి సోమవారం ఒకటి చేశాను. అడుగు మాడింది, నడుమ పచ్చిపిండి మిగిలింది. బుధవారం ఊళ్ళో పిల్లలకి టీకాలేసి వచ్చి ఇంకోటి చేశాను. అదీ అంతే. విసుగొచ్చి, బేకరీలో కొని గిన్నె మార్చేద్దాం, చాలామంది చేసేది అదే అన్నాను. పిల్ల ఒప్పుకోలేదు. ఇంట్లో చేసిందే తేవాలని చెప్పారు కదమ్మా అంది.

మా అత్తగారు ఇదంతా చూస్తూనే ఉంది. ఆవిడది ఎస్. రాయవరం వైపు పల్లె. మావగారు పోయాక మా దగ్గరే ఉంటోంది. గురువారం నేను మాడిన గిన్నె తోముతుంటే పక్కన నిలబడి, "కింద మంట ఒక్కదాంతో ఏటవుద్దమ్మా? మినపరొట్టికి పైన కూడా నిప్పులెయ్యమా?" అంది.

శుక్రవారం నేను బస్సు దిగి వచ్చేసరికి పెరట్లో నీళ్ళపొయ్యి మీద సరుగుడు కట్టెలు మండుతున్నాయి. ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే, తన ఇత్తడి గిన్నెలో గుడ్డు వెయ్యకూడదు. సరేనని పెరుగు కలిపాం. పంచదార బదులు బెల్లం, ఆవిడ తమ్ముడి తోటలో జీడిపప్పు. పిండి మా అమ్మాయే కలిపింది. గిన్నె మీద ఇనప మూత పెట్టి, పొయ్యిలోంచి నిప్పులు తీసి మూత నిండా పరిచింది మా అత్తగారు. నేను గుమ్మం మెట్టు మీద కూలబడ్డాను. ఆ వారంలో నేను ఏ పనీ చెయ్యకుండా కూర్చున్నది అప్పుడే.

కేకు నిండుగా పొంగింది. కొంచెం పొగవాసన ఉన్నా ఎక్కడా పగులు లేదు. పళ్ళెంలో బోర్లించి పైన బుట్ట మూశాం. మా అమ్మాయి పడుకునేలోపు నాలుగుసార్లు ఆ బుట్ట ఎత్తి చూసుకుంది.

శనివారం కూడా మాకు టీకాల రోజే. పక్క ఊరి ఏఎన్ఎంని బతిమాలి మధ్యాహ్నం వరకూ చూడమన్నాను. స్నానం చేసి వచ్చి కేకు డబ్బాలో పెడదామని బుట్ట ఎత్తితే, అందులో బెత్తెడు ముక్క లేదు. అది దేవుడి గూట్లో ఉంది, పైన తులసాకుతో.

ఆవిడ ఏ పిండివంట చేసినా మొదటిది దేవుడికి పెట్టందే ఇల్లు దాటనివ్వదు. పద్నాలుగేళ్ళుగా చూస్తున్నాను. డైరీలో కోయకూడదని ఉందన్న మాట ఆవిడకి చెప్పాలని నాకు తోచలేదు. ఆవిడకి అదీ ఒక రొట్టే. ఇప్పుడు ఇంత సులువుగా రాస్తున్నాను గానీ ఆ పూట నా ఒంట్లో ఓపిక చుక్క కూడా లేదు.

"ఏం చేశారో తెలుస్తోందా అత్తయ్యా? అందరి ముందూ దాని పరువు తీశారు. ఇంకెప్పుడూ నన్నడక్కుండా దేని మీదా చెయ్యి వెయ్యకండి" అన్నాను, పిల్ల వింటూండగానే.

"గెలవాలనే ఎట్టినానమ్మా" అంది ఆవిడ. అని, గూట్లోంచి ఆ ముక్క తీసుకొచ్చింది. హారతి అయ్యేదాకా నైవేద్యం పళ్ళెం ఎవర్నీ ముట్టుకోనివ్వని మనిషి, తులసాకు తీసి పక్కన పెట్టి, ఆ ముక్కని ఖాళీలో ఇరికించి, వేలితో అంచులు నొక్కింది. ఎంత నొక్కినా గీత కనబడుతూనే ఉంది.

స్కూలు వరండాలో బల్లలు వరసగా వేశారు. చాలా కేకుల మీద ఒకే రకం క్రీము గులాబీలు. నిర్ణేతగా వచ్చిన మేడమ్ మా బల్ల దగ్గర ఆగి, ముందే కోసేశారా అని అడిగారు. దారిలో విరిగిందని చెబుదామని నేను నోరు తెరిచేలోపు మా అమ్మాయి, "మా నాన్నమ్మ దేవుడికి పెట్టిందండి" అంది. గట్టిగానే అంది. పక్క బల్ల పిల్లలు నవ్వారు. మేడమ్, నిబంధన ఒప్పుకోదమ్మా అని కాగితం మీద దాని పేరు కొట్టేసి ముందుకెళ్ళారు. నేను పిల్ల మొహం చూడలేక నేల చూస్తూ నిలబడ్డాను.

అమ్మకం మొదలవగానే, ఈ మాట విన్న స్కూలు ఆయా వచ్చి చెయ్యి చాపింది. "పెసాదమా పాపా? రవ్వంతెట్టు" అంది. పిల్ల విరిచి పెట్టింది. ఆయా కళ్ళకద్దుకుని నోట్లో వేసుకుంది. ఆవిడ వెనక ఇంకొకరు, తరవాత టీచర్లు, పిల్లల్ని దింపడానికొచ్చిన తల్లులు, చివరికి ఆ మేడమ్ కూడా. క్రీము గులాబీలు అలాగే ఉండగా మా పళ్ళెం ఖాళీ అయింది. ప్రసాదానికి డబ్బులెవరిస్తారు? ఎవరూ ఇవ్వలేదు, మా పిల్లా అడగలేదు. టీచరుగారు వచ్చి మా బల్ల మీది డబ్బుల డబ్బా ఊపి చూసి, ఇదేమిటని అడిగితే మా అమ్మాయి జరిగింది చెప్పి ఫక్కున నవ్వింది. ఆ గేటు లోపల దాని నవ్వు నేను వినడం అదే మొదలు. దుప్పట్ల కోసం నా పర్సులో ఉన్నది తీసి ఆ డబ్బాలో వేశాను.

తరవాతి వారం సోషల్ క్లాసులో చెయ్యెత్తిందని టీచరుగారు ఫోన్ చేసి చెప్పారు. నేను భయపడిన నష్టం జరగలేదు.

పోటీ రోజు మేం స్కూలు నుంచి ఇంటికొచ్చేసరికి మా అత్తగారు గుమ్మం మెట్టు మీద కూర్చుని ఉంది. పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు. "అయిపోనాదా?" అని పిల్లనడిగింది. అంతా అయిపోయింది, అందరూ కళ్ళకద్దుకున్నారు అని పిల్ల చెబుతుంటే మొహం విప్పారింది. అప్పుడు గుర్తొచ్చింది, ఆవిడకి ఒక్క ముక్కయినా దాచలేదని. నాకు తీపి పడదులే అంది. నేను క్షమాపణ చెప్పలేదు. అన్నం వడ్డించి, చీర మార్చుకుని, టీకాల కోసం బస్సుకి పరిగెత్తాను.

ఇప్పుడు మా ఇంట్లో గారెలు చేసినా బూరెలు చేసినా, ఆవిడ మొదటిది తీసే ముందు నా దగ్గరికొచ్చి నిలబడుతుంది.

"దేముడికి ఎట్టొచ్చా అమ్మా?"

నన్నడక్కండి అత్తయ్యా అని రెండుసార్లు చెప్పాను. సరేనమ్మా అంటుంది. మళ్ళీ వండిన రోజు మళ్ళీ వచ్చి అడుగుతుంది.