అది నేను చుట్టిన మోటారే

ఎమ్మిగనూరులో కాలిపోయిన బోరు మోటార్లకు వైండింగ్ చేసే పెద్దాయన పోయాడని మొన్న మంగళవారం గోనెగండ్ల వైపు రైతు ఒకతను ఫోన్ చేశాడు. "ఆయప్ప పోయినాడు సార్. మీకు సెప్పాల అనిపించింది" అని పెట్టేశాడు. ఆయన నాకు చుట్టం కాదు. రైతుల దగ్గర పాత మోటార్లు తీసుకుని, తక్కువ కరెంటుతో నడిచే కొత్తవి ఇచ్చే సర్కారు పథకం కోసం ఊరూరా తిరగడం నా ఉద్యోగం. ఆయన పొట్ట కొట్టిన పథకం అది.

దుకాణం ముందు మోటారు దించగానే ఆయన మూత విప్పి తీగ వాసన చూసేవాడు. వోల్టేజి లేక కాలిందో, నీళ్లు లేకుండా తిరిగి కాలిందో చెప్పేసేవాడు. రైతు అబద్ధమాడితే తిట్టేవాడు కాదు, ఇంకోసారి వాసన చూసేవాడు. తీగ చుట్లు లెక్కపెట్టేటప్పుడు మాత్రం కలెక్టరు వచ్చి నిలబడినా పలికేవాడు కాదు.

దేశం బొగ్గు వాడకం తగ్గించాలి, సోలారు, గాలిమరలు పెంచాలి, ఉన్న కరెంటును పొదుపుగా వాడాలి. ఈ విధానమంతా కాగితాల్లో బాగానే ఉంటుంది. నేనూ అదే ఒక ఊళ్లో బడి వరండాలో చదివి వినిపించాను. ఒక రైతు లేచాడు. "కరెంటు మాకు ఊరికే వస్తాండాది. మిగిలిస్తే మాకేమొస్తాది సార్? వైండింగాయన సరే అంటే సంతకం పెడతాం."

మిగతావాళ్లూ ఆ మాటే పట్టుకున్నారు. నా పని అయిపోయిందనుకున్నాను. కొత్త మోటారు చెడిపోతే కంపెనీవాళ్లే వచ్చి బాగుచేస్తారు, ఇక ఆయన గడప ఎవరు తొక్కుతారు? తన దుకాణం మూయించే పనికి ఎవరైనా సరే అంటారా?

అయినా వెళ్లి విషయం చెప్పాను. ఆయన లెక్కలో ఉన్నాడు. చాలాసేపటికి తీగ తుంచి తలెత్తాడు.

"కొత్తది నీళ్లు అంతే తోడతాదా అప్పా?"

"తోడతాదన్నా."

"సూస్తాం పద."

ఆ ఊళ్లో అప్పటికే ఒక రైతు కొత్తది బిగించుకున్నాడు. పక్క చేలో పాతది. పెద్దాయన ఊరి రైతుల ముందే రెండుచోట్లా అదే డ్రమ్ము నింపి చూశాడు, మీటరు తగిలించి అంకె తనే పైకి చదివాడు.

"ఈ పాతది నేను మూడుసార్లు సుట్టిన మోటారే. సుట్టినకొద్దీ దీని తిండి పెరుగుతాది. నీళ్లు అవే, కరెంటు మాత్రం నా మోటారే ఎక్కువ గుంజుతాంది."

"ఊరికే వచ్చేదే గదన్నా" అన్నాడు ఇందాకటి రైతు.

"నువ్వు ఊరికే గుంజుతాండేది కరెంటు లైను కొసనుండేవానిది. వోల్టేజి అందక వాని మోటారు కాలి నా కాడికొస్తాంది."

ఆ సాయంత్రానికి అందరూ సంతకాలు పెట్టారు. తిరుగు బస్సులో ఆయన దుకాణం సంగతి అడిగాను. "ఫ్యాన్లుండాయి, మిక్సీలుండాయిలే" అని కిటికీ వైపు తిరిగాడు.

ఫ్యాన్లూ మిక్సీలూ ఏమాత్రం ఆదుకోలేదు. చూస్తుండగానే దుకాణం నెలలో సగం రోజులు మూసే ఉండే స్థితికొచ్చింది. ఆ పథకం బాగా నడిపినందుకు ఆఫీసులో నాకు శాలువా కప్పారు. ఆయన పేరు ఏ రిపోర్టులోనూ లేదు, రాయడానికి అందులో గడి కూడా లేదు. ఆ శాలువా కప్పించుకున్నందుకు నాకు ఇప్పటికీ సిగ్గే. ముఖం చూపించలేక ఆ వీధిన వెళ్లడం తగ్గించాను.

ఆయన పోయాడని ఫోన్ వచ్చిన మూడో రోజు దుకాణానికి వెళ్లాను. ఆయన కూతురు షట్టరు ఎత్తింది. బల్ల వెనక గోడ నిండా పెన్సిలుతో రైతుల పేర్లు, ఊళ్లు, ఫోన్ నంబర్లు. చాలా పేర్ల మీద అడ్డంగా గీత ఉంది.

"కొత్త మోటార్లు తీసుకున్నోళ్లు సార్" అందామె. "గీత కొట్టి ఊరుకోల్యా నాయన. అందరికీ ఫోన్ జేసి, కొత్తది ఎట్లుందని అడుగుతాండె."

దగ్గరికి వెళ్లి పై నుంచి కింది దాకా చదివాను. కొట్టేసిన ప్రతి పేరు పక్కనా ఆయన చిన్న అక్షరాలతో ఒకే మాట రాసి పెట్టాడు: నడుస్తాంది.