డాక్టర్ నెస్టా అనే పేరు

మా లోయలో ఇంటిపేర్లకు కరువు. సగం మంది డేవిస్‌లు, మిగతా సగం ఇవాన్స్‌లు. అందుకని పేరుకు ముందు పనిని తగిలిస్తాం. మెయిన్ రోడ్డు మీద ఆడవాళ్ళకు జుట్టు కత్తిరించే కొట్టు నాది కాబట్టి నేను కత్తెర డిలిస్‌ని. పోస్టాఫీసు మూతపడి ఎన్నేళ్ళయినా అక్కడ స్టాంపులమ్మిన ఆల్వెన్ ఇప్పటికీ పోస్టాఫీసు ఆల్వెనే. ఒకసారి ఊరు పేరు పెట్టిందంటే అది మనతోపాటే మట్టిలోకి పోవాలి. ఈ పద్ధతి ఎంత ముచ్చటగా ఉందో అంటారు కార్డిఫ్ నగరం నుంచి వచ్చేవాళ్ళు. నాకు ఆ ముచ్చట ఎప్పుడో తీరిపోయింది.

నెస్టా డేవిస్‌కు అలాంటి పేరు తొమ్మిదేళ్ళప్పుడే పడింది. గనిలో బొగ్గుధూళి తిన్న ఊపిరితిత్తులతో వాళ్ళ తాత వంటింట్లో కుప్పకూలితే, ఆ పిల్ల ఏడవకుండా ఆయన్ని గోడకు ఆనించి కూర్చోబెట్టి, చొక్కా బొత్తాలు విప్పి, అంబులెన్సుకు ఫోను చేసింది. వచ్చినతను "ఇంట్లో డాక్టరుగారు ఉండగా మమ్మల్నెందుకు పిలిచారు" అని నవ్వాడు. ఆ మాట తెల్లారేసరికి ఊరంతా పాకింది. తాత ఆ ఏడే పోయాడు. డాక్టర్ నెస్టా అనే పేరు ఉండిపోయింది.

పేరు వచ్చాక కోరిక పుట్టిందా, కోరిక ముందే ఉందా అని నన్నడిగితే చెప్పలేను. కోరిక మాత్రం నిజమైనది. వాళ్ళమ్మ రియన్, నా స్నేహితురాలు, బడి వంటగదిలో పనిచేసేది. ఆమె పని ముగిసేదాకా పిల్ల నా కొట్టు వెనక గదిలో, తువ్వాళ్ళ గుట్టల మధ్య కూర్చుని చదువుకునేది. రంగు వేయించుకోవడానికి వచ్చినవాళ్ళు మోకాళ్ళ నొప్పులు, మలబద్ధకాలు దానికి చెప్పుకునేవాళ్ళు. అది పెద్దమనిషిలా వినేది.

పద్దెనిమిదేళ్ళకు స్కూలు ఆఖరి పరీక్షలు రాసింది. డాక్టరీ సీటు కావాలంటే రాసిన మూడు సబ్జెక్టుల్లోనూ ఎ గ్రేడు రావాలి. మా ఊరివాళ్ళకు ఆగడం చేతకాదు. ఫలితాలు గురువారమైతే, వీడ్కోలు టీ విందు ఆ శనివారానికే పెట్టేశారు. రగ్బీ క్లబ్బు హాలు అడిగారు. మగవాళ్ళ గాయకబృందం నెల ముందునుంచే సాధన మొదలుపెట్టింది. ఫలితం ఏమవుతుందో అని ఒక్కరికీ తోచలేదు.

గురువారం మధ్యాహ్నం తల్లీకూతుళ్ళు నా కొట్టు వెనక తలుపున వచ్చారు. కుర్చీలో ఉన్న మనిషిని తడి జుట్టుతో అలాగే వదిలేసి లోపలికి వెళ్ళాను.

"కెమిస్ట్రీలో బి వచ్చింది పిన్నీ," అంది నెస్టా. "సీటు లేదన్నారు."

"ఒక్కదాంట్లోనేనా?"

"ఒక్కదాంట్లోనే."

"మరింకేం. మళ్ళీ రాయి. మీ మాస్టారు ఏమన్నాడు?"

"అదే అన్నాడు. ఏడాది ఆగి అదొక్కటీ రాస్తే, తీసుకునే కాలేజీలున్నాయన్నాడు."

"అయితే నీకు ఏడుపెందుకే రియన్?"

రియన్ తువ్వాలుతో ముఖం తుడుచుకుంది. "శనివారం టీ ఉంది డిలిస్. పాటలు కూడా నేర్చుకున్నారు."

"నేర్చుకుంటే నేర్చుకోనీ. ఆ ముసలాళ్ళకి వేరే పనేముంది."

"నువ్వు తేలిగ్గా అంటావ్. ఏడాదంతా ఇది ఈ రోడ్డు మీదే తిరగాలి. ఏమ్మా డాక్టరూ, ఇంకా వెళ్ళలేదే అని ప్రతివాళ్ళూ అడుగుతారు."

"అడిగితే ఏం, చెవులు ఊడిపోతాయా?"

నెస్టా నా ముఖం చూడలేదు. "ఇంకో దారి ఉంది పిన్నీ. ఉత్తరాన ఒక కాలేజీలో బయోమెడికల్ డిగ్రీకి సీటుంది, ఇవాళ ఒప్పుకుంటే ఇస్తారట. అది పూర్తిచేశాక, డిగ్రీ అయినవాళ్ళకి విడిగా డాక్టరీ కోర్సు ఉంటుంది. అందులో చేరొచ్చు."

"ఒక్క ఏడాది తప్పించుకోడానికి మూడేళ్ళు చుట్టూ తిరిగొస్తావా? నీకు లెక్కలు కూడా పోయాయా?"

"శనివారం వాళ్ళ ముందు నిలబడి లేదని చెప్పలేను," అంది. "నా వల్ల కాదు."

నేను తిట్టాను, బతిమాలాను, మళ్ళీ తిట్టాను. సాయంత్రానికి వాళ్ళు ఆ సీటు ఒప్పేసుకున్నారు. ఊరికి చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నారు. వెళ్తున్నది కాలేజీకే కదా, అబద్ధమేముంది అంది రియన్.

టీ ఘనంగా జరిగింది. పెనం మీద కాల్చిన ఎండుద్రాక్ష కేకులు పళ్ళేలకు పళ్ళేలు తెచ్చారు. గాయకబృందం పాడుతుంటే ముందు వరుసలో ముసలివాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. ఆల్వెన్ లేచి, ఊరందరి తరఫున కొన్న స్టెతస్కోపు పిల్ల మెడలో వేసింది. నెస్టా నవ్వుతూ అందరికీ కృతజ్ఞతలు చెప్పింది. పోయినవాళ్ళ ఇంట్లో కూడా నేను అంత దిగులుగా కూర్చోలేదు.

డిగ్రీ బాగానే పూర్తిచేసింది. ఆ విడి కోర్సుకు దరఖాస్తు పెట్టింది. ఉన్నవి పిడికెడు సీట్లు, వాటికి దేశంలోని పట్టభద్రులంతా ఎగబడతారు. మొదటి ఏడు రాలేదు. రెండో ఏడు ఒక కాలేజీవాళ్ళు కారణం చెప్పారు: డిగ్రీ మార్కులు సరిపోతాయి గానీ, స్కూల్లో కెమిస్ట్రీ తక్కువగా ఉంది. ఆ బి అన్నేళ్ళూ దాని వెనకే వచ్చిందన్నమాట.

అప్పుడు ఇంటికొచ్చి, మళ్ళీ నా తువ్వాళ్ళ గదిలోనే కూర్చుని, పద్దెనిమిదేళ్ళ పిల్లల పక్కన బల్ల మీద కెమిస్ట్రీ రాసింది. ఎ వచ్చింది. ఆ రోజు నేను ఎగిరి గంతేసినంత పని చేశాను.

ఆ కాలేజీవాళ్ళు, మేము మొదటిసారి వచ్చిన మార్కులే చూస్తాం అన్నారు. స్కూలు పిల్లల్ని తీసుకునే కాలేజీకి రాస్తే, మళ్ళీ రాసినవాళ్ళని తీసుకుంటాం గానీ స్కూలు ముగిసిన మరుసటి ఏడే రాసుండాలి, మీరు డిగ్రీ అయినవారు కదా, అటు వెళ్ళండి అన్నారు. అటువాళ్ళు ఇటు పొమ్మన్నారు, ఇటువాళ్ళు అటు పొమ్మన్నారు. తెలిసిన ప్రతి కాలేజీకీ రాసింది. చివరికి రాయడం మానేసింది. అది ఏడవకపోవడం చూసి నాకు భయమేసింది.

కొండ అవతలి ఆసుపత్రిలో రక్తం తీసే ఉద్యోగంలో చేరింది. "నెస్టా ఆసుపత్రిలో చేస్తోంది" అనేది రియన్ ఎవరడిగినా, అని అక్కడితో ఆపేసేది. ఎదుటివాళ్ళు ఇంకో మాట అడిగేవాళ్ళు కాదు. నా కుర్చీలో కూర్చున్నవాళ్ళూ "మన డాక్టరెలా ఉంది" అని, "బాగుంది" అంటే ఊరుకునేవాళ్ళు. ఊరిని భలే నమ్మించామని నేనూ అనుకున్నాను.

మొన్న శీతాకాలం ఆల్వెన్ ఆ ఆసుపత్రిలో పడింది. ఇక లేవదని ఆమెకూ తెలుసు. జుట్టు చెదిరి చావనని కబురు పెడితే కత్తెర పట్టుకుని వెళ్ళాను. మెడ వెనక కత్తిరిస్తుండగా ఒక కుర్ర డాక్టరు వచ్చాడు, పక్క లోయ కుర్రాడు, గలగలా మాట్లాడేవాడు. వెనకే రక్తం తీసే బండి తోసుకుంటూ నెస్టా వచ్చింది.

"ఇంత చిన్న వయసులో డాక్టరువైపోయావే, బుర్ర పాదరసమా?" అంది ఆల్వెన్ అతనితో.

"అంత లేదు బామ్మా. కెమిస్ట్రీలో బి వచ్చినవాణ్ణి. ఏడాది ఇంట్లో కూర్చుని, పగలు చేపల వేపుడు కొట్టులో బంగాళాదుంపలు వేయించి, మళ్ళీ రాశాను. మావాళ్ళు ఇప్పటికీ నన్ను చిప్స్ అనే పిలుస్తారు." నవ్వుతూ పక్క మంచానికి వెళ్ళిపోయాడు.

నెస్టా ఆల్వెన్ చేయి పట్టుకుని నరం వెతుకుతోంది. ఆ వేళ్ళకు నరం దొరకకపోవడం నేనెప్పుడూ వినలేదు. ఆ రోజు దొరకలేదు.

"ఏం డాక్టరూ, నా రక్తమంతా ఇంకిపోయిందా?" అంది ఆల్వెన్.

నెస్టా సూది కింద పెట్టింది. "నేను డాక్టర్ని కాదు అత్తా. ఎప్పుడూ కాలేదు. ఆ రోజు నాకసలు సీటే రాలేదు."

"తెలుసులేవే."

నా చేతిలో కత్తెర ఆగిపోయింది. ఊళ్ళో ఎవరింటి గుట్టయినా నా కుర్చీలోనే బయటపడుతుంది. తమకు తెలుసన్నదొక్కటి నా దగ్గర కూడా దాచారు, నేను రియన్ మనిషినని.

"ఎప్పట్నించి?" అంది నెస్టా.

"టీకి ముందే. శుక్రవారం పేపర్లో డాక్టరీ సీటొచ్చిన పిల్లల ఫొటోలేశారు గదా. నీది లేదు. ఊరంతా చూసింది."

"మరి టీ ఎందుకు పెట్టారు?"

"కేకులు చేసేశాం గదమ్మా. పిల్ల మనసు కష్టపెట్టుకుని ఉంటుంది, ఏమీ అడక్కండని అందరికీ చెప్పాను. ఏడాది ఆగి మళ్ళీ రాస్తావనుకున్నాం. వచ్చే ఏడు మళ్ళీ పాడదాం అనుకున్నారు మగాళ్ళు. నువ్వేమో సోమవారం పెట్టె పట్టుకుని బస్సెక్కేశావ్."

నెస్టా ఆ చేయి వదల్లేదు. "ఒక్కరైనా చెప్పాల్సింది అత్తా."

"నువ్వు చెప్తావేమోనని చూశాం."

రెండో చేతిలో నరం దొరికింది. రక్తం తీసి, సీసాల మీద పేరు రాసి, దూది అంటించింది. బయట వరండాలో నా మోచేయి పట్టుకుంది. అప్పుడు ఏడ్చింది, ఇన్నేళ్ళకు.

"ఊళ్ళో చెప్పు పిన్నీ. రేపట్నించి నన్ను రక్తం నెస్టా అనమను. నా పనదే గదా."

చెప్పాను. కుర్చీలో కూర్చున్న ప్రతివాళ్ళకూ చెప్పాను. అందరూ అలాగేనని తలూపారు, పాపం అన్నారు. మర్నాడు రొట్టెల కొట్టులో మా ముందు నిలబడ్డ మనిషి, అలా తలూపినవాళ్ళలో ఒకామె, పక్కకు జరిగి, "నువ్వు ముందెళ్ళమ్మా డాక్టరూ, నీకు పనుంటుంది" అంది. నెస్టా థాంక్స్ చెప్పి ముందుకు వెళ్ళింది.