రబ్బరు వాసన

నేను రబ్బరు దొంగిలించలేదు. అయినా రేపల్లె బడిలో మాస్టారు నన్ను దొంగన్నారు. నాన్న ఐదో తరగతితోనే చదువు మాన్పించారు.

మొన్న తెనాలిలో మా ఇంటి కంప్యూటరు తెర వెలగక కూతలు పెట్టింది. మెమరీ ముక్క ఊడదీసి, దాని పసుపు అంచును మనవరాలి రబ్బరుతో రుద్దాను. కంప్యూటరు బాగైంది. వేళ్లకు మాత్రం అదే తీపి వాసన!

మాస్టారి రబ్బరు పోయిన రోజు ఆయన అందరి చేతులూ వాసన చూశారు. పక్కన కూర్చునే సత్యం తనదేనని ఇస్తే లెక్క చెరుపుకున్నాను; నా చేయి దొరికింది. చేయి వాసనేస్తోంది గనక దొంగను నేనేనేమో అనుకుని, సాయంత్రం దాకా కాలవ ఇసుకతో తోముకున్నాను.

బాపట్లలో ఉన్న సత్యానికి ఫోన్ చేసి, “ఆ రోజు నోరెందుకు విప్పలేదురా?” అని గద్దించాను.

“భయమేసిందిరా. మర్నాడు నువ్వొస్తే ఒప్పుకుందామని, బల్ల మీద నీ చోట్లో ఎవర్నీ కూర్చోనివ్వలేదు. నువ్వు మళ్లీ రాలేదు కదరా.”