వెచ్చజేసి ఇచ్చిన కొర్రలు

ఎర్రకొర్రల అన్నం ఇప్పుడెందుకు వండవని ఫోన్లో అడిగావు కదా బంగారూ, ఆ విత్తనం మన ఇంట్లో లేదు.

తొంభైల చివర్లో పరిశోధనా కేంద్రంవాళ్లు జీపులో వచ్చారు. పాత విత్తనాలన్నీ చల్లటి గదిలో భద్రపరుస్తామని, శేరు కొర్రలు అడిగారు. మన చేను విత్తకముందు విత్తనం గడప దాటించం; అప్పటికింకా విత్తలేదు. మా అత్త నన్ను వంటింట్లోకి లాగింది.

"ఎత్తుకపోయి, రేపు పొట్లాలు కట్టి మనకే అమ్ముతారు. మొలవకుండా పెనం మీద వెచ్చజేసి ఇయ్యిమే!"

నాకూ వాళ్లమీద నమ్మకం లేదు. పెనం మీద పోశాను. కానీ మనసొప్పక, అత్త అటు తిరగ్గానే దించి ఇచ్చేశాను; అప్పటికే ఎంత వేడెక్కాయో తెలీదు. వాళ్లు సంచిమీద మన ఊరి పేరు రాసుకుని వెళ్లారు.

తర్వాత వరుసగా వానలు తప్పాయి. విత్తనానికి దాచినవీ వండుకుని తిన్నాం. చివరికి నేనే బస్సెక్కి ఆ కేంద్రానికి వెళ్లాను.

"మా ఊరి ఎర్రకొర్రలు దోసెడు ఇయ్యప్పా."

గుమాస్తా పుస్తకం తిప్పాడు. "ఉండాది కదమ్మా, మీ ఊరి పేరుతోనే. మొలకకు పెట్టి చూసి, జాబు రాస్తాం."

పెనం సంగతి చెప్పడానికి నోరు రాలేదు. జాబూ రాలేదు.

వాళ్లు ఇవ్వకూడదనుకున్నారా, లేక ఆ శేరులో ఒక్క గింజా మొలవలేదా?